పాత కారులో ఆపేసిన ఆటోమేటిక్ సీటు బెల్టును తిరిగి పనిచేయించడం: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో పాత కారు చవకగా దొరికిందని కొనుక్కున్న మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. తలుపు మూసి తాళం తిప్పగానే భుజం బెల్టు దానంతటదే కదిలి వచ్చి ఛాతీకి అడ్డంగా నిలవాలి. తమ కారులో అది ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉంది, లేదా అసలు కదలడం లేదు, దాన్ని ఎలా బాగుచేయాలి అని. 1990 టొయోటా క్యామ్రీ, 1991 ఫోర్డ్ ఎస్కార్ట్, 1991 నిస్సాన్ సెంట్రా, 1990 హోండా అకార్డ్, మొదటి తరం మిత్సుబిషి ఎక్లిప్స్ వంటి కార్లలో ఈ ఏర్పాటు కనిపిస్తుంది. భారతదేశపు కార్లకు ఈ వ్యాసంతో పనిలేదు.

మొదట ఒక మాట. పాడైపోయిన బెల్టు వేరు, ఎవరో కావాలని ఆపేసిన బెల్టు వేరు. ముప్పై ఏళ్ల కారులో సాధారణంగా రెండూ కలిసే ఉంటాయి: ఏదో చిన్న భాగం చెడిపోతుంది, బెల్టు వేళకాని వేళ అటూ ఇటూ తిరుగుతుంది, విసిగిపోయిన పాత యజమాని ఫ్యూజు పీకేస్తాడు. మీరు ఆ ఫ్యూజు తిరిగి పెట్టగానే అసలు జబ్బు మళ్లీ బయటపడుతుంది. అందువల్ల ముందు పాత యజమాని చేసిన పనిని వెతికి సరిదిద్దాలి, ఆ తర్వాతే చెడిపోయిన భాగం కోసం వెతకాలి. ఈ వరుస తప్పినవారు మంచి మోటార్లను మార్చి డబ్బు పోగొట్టుకుంటారు.

1. మీ కారులో ఏ రకం ఏర్పాటు ఉందో తేల్చుకోండి

తలుపు పైఅంచు వెంబడి, ముందు అద్దం పక్కనున్న స్తంభం నుంచి మీ భుజం వెనకనున్న బి-పిల్లర్ దాకా ఒక సన్నని లోహపు ట్రాక్ ఉంటే మీది మోటారు బెల్టు. ఆ ట్రాక్‌లో షటిల్ అనే చిన్న ముక్క జారుతూ ఉంటుంది. భుజం బెల్టు పైకొస ఆ షటిల్‌కు ఒక బకిల్ ద్వారా తగులుకుని ఉంటుంది. ఆ బకిల్ మీది మీట ప్రమాద సమయంలో బెల్టును ఊడదీసుకోవడానికి ఇచ్చినది. బెల్టు రెండో కొస రెండు సీట్ల మధ్యనున్న కన్సోల్ లోపలికి పోతుంది. బెల్టును చుట్టుకునే రిట్రాక్టర్ అక్కడ ఉంటుంది.

ట్రాక్ లేకుండా, బెల్టు రిట్రాక్టర్లు తలుపులోనే బిగించి ఉంటే మీది రెండో రకం. షెవ్రోలే బెరెట్టా, కార్సికా వంటి జనరల్ మోటర్స్ కార్లలో ఇది చూడవచ్చు. దానిలో మోటారు లేదు గనుక మీకు 8వ భాగం మాత్రమే పనికొస్తుంది. అయితే ఆ రకంలో తలుపు గొళ్లెం కూడా బెల్టులో భాగమే. తలుపు సరిగ్గా పడకపోతే బెల్టు ఉన్నా లేనట్టే.

2. బాగయ్యేదాకా కారు నడపవలసి వస్తే

మోటారు బెల్టు భుజానికి మాత్రమే. నడుము బెల్టు విడిగా ఉంటుంది, దాన్ని ప్రతిసారీ చేత్తో పెట్టుకోవాలి. ఈ కార్లలో ఇదే అన్నిటికన్నా పెద్ద ఉచ్చు. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ మొదటిసారి నా కారెక్కినప్పుడు బెల్టు దానంతటదే కదలడం చూసి ఉలిక్కిపడి చెయ్యి అడ్డం పెట్టింది, తర్వాత నవ్వి, "ఇక నేను చేసేదేముంది" అని కూర్చుంది. నడుము బెల్టు సీటు పక్కన అలాగే పడి ఉంది. భుజం బెల్టు ఒక్కటే పెట్టుకున్నవారు ఢీకొన్నప్పుడు దాని కిందనుంచి ముందుకు జారిపోతారు. అప్పుడు బెల్టు మెడకో, పొట్టలోని అవయవాలకో తగులుతుంది.

షటిల్ వెనక కొసన పూర్తిగా కూర్చుని ఉంటే, విడుదల బకిల్‌ను మామూలు బకిల్‌లా వాడుకుంటూ, నడుము బెల్టు కూడా పెట్టుకుని జాగ్రత్తగా నడపవచ్చు. షటిల్ మధ్యలోనో ముందు కొసనో ఆగిపోతే ఆ సీటును వాడకండి. ఢీకొన్నప్పుడు పడే బరువు బి-పిల్లర్‌లోని ఉక్కు పట్టుకు చేరాలి. ట్రాక్ మధ్యలో ఆగిన షటిల్‌కు ఆ ఆధారం ఉండదు.

పిల్లల సీటును మోటారు బెల్టుతో బిగించడం కుదరదు. పిల్లలు వెనక సీటులోనే కూర్చోవాలి.

3. సన్నాహం

అరపూట ఖాళీ, చదునైన నేల, మంచి వెలుతురు, తలుపు తీసి మూయడానికి ఒక మనిషి ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఈ పనిలో ఒంటరిగా ఉన్నవాడికి మూడో చెయ్యి కావలసి వస్తుంది.

దగ్గర పెట్టుకోవలసినవి:

- మీ కారు మోడల్, సంవత్సరం సరిపోయే సర్వీసు మాన్యువల్. ముఖ్యంగా వైరింగ్ పటం.
- డిజిటల్ మల్టీమీటర్, దాని సూదులకు తొడిగే సన్నని పిన్నులు.
- ప్లాస్టిక్ కవర్లు ఊడదీసే నైలాన్ పలుగు. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే ముప్పై ఏళ్ల ప్లాస్టిక్ చిట్లుతుంది.
- సాకెట్ల సెట్టు. ఫోర్డ్, జనరల్ మోటర్స్ కార్లయితే టార్క్స్ బిట్లు కూడా. బెల్టు బోల్టులకు ఎక్కువగా టీ-50 సరిపోతుంది.
- టార్క్ రెంచి.
- విద్యుత్ కాంటాక్టులు శుభ్రం చేసే స్ప్రే, పొడి సిలికాన్ స్ప్రే, పాత టూత్‌బ్రష్, నూలు గుడ్డ.
- ఇన్‌లైన్ ఫ్యూజు ఉన్న రెండు జంపర్ తీగలు.
- ఫోను కెమెరా. ఏ కనెక్టరైనా పీకేముందు ఫోటో తీసుకోండి.

బ్యాటరీ వోల్టేజి ముందే కొలవండి. కారు కొన్ని గంటలు నిలిపి ఉంచాక 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. 12.2 కంటే తక్కువ ఉంటే ముందు చార్జి చేయండి, లేకపోతే మోటారు నీరసంగా తిరిగి మీరు లేని లోపాన్ని వెతుక్కుంటారు.

స్టీరింగ్ చక్రంలో ఎయిర్‌బ్యాగు కూడా ఉన్న కారయితే, కవర్లు విప్పే పనికి ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, మాన్యువల్ చెప్పినంత సేపు ఆగండి. పసుపు రంగు కనెక్టర్ల జోలికి, పసుపు తొడుగున్న తీగల జోలికి వెళ్లకండి. మల్టీమీటర్‌తో కూడా వాటిని ముట్టుకోకూడదు.

4. పనిముట్టు పట్టుకోకముందు చూడండి, వినండి

సహజంగా జరగవలసినది ఇది: తలుపు మూసి తాళం ఆన్ స్థానానికి తిప్పితే షటిల్ వెనక్కి వెళుతుంది. తలుపు తీస్తే ముందుకు వస్తుంది. తలుపు మూసి ఉండగా తాళం ఆపితే ఏమవుతుందనేది మోడల్‌ను బట్టి మారుతుంది. మీ కారు పుస్తకంలో చూసుకోండి.

స్టీరియో, ఫ్యాను ఆపి, రెండు తలుపులను విడివిడిగా తీసి మూస్తూ ప్రతిసారీ ఏం జరిగిందో కాగితం మీద రాయండి. లక్షణమే సగం జవాబు చెబుతుంది.

- రెండు వైపులా చలనం లేదు, శబ్దం లేదు: ఉమ్మడిగా ఉండే వాటిలో లోపం. ఫ్యూజు, సర్క్యూట్ బ్రేకర్, గ్రౌండ్ తీగ (కారు శరీరానికి బిగించినది), ఇగ్నిషన్ నుంచి వచ్చే తీగ, కంట్రోల్ మాడ్యూల్ (మోటారుకు కరెంటు ఎప్పుడు పంపాలో నిర్ణయించే పెట్టె).
- ఒక వైపే చలనం లేదు: ఆ వైపు తలుపు స్విచ్, లిమిట్ స్విచ్ (షటిల్ కొసకు చేరిందని చెప్పేది), రిలే (మోటారుకు కరెంటు కలిపే స్విచ్), మోటారు.
- మోటారు గిర్రున తిరిగే శబ్దం వస్తుంది, షటిల్ కదలదు: షటిల్‌ను లాగే లోపలి పళ్ల కేబుల్ అరిగింది లేదా తెగింది.
- సగం దాకా వచ్చి మూలుగుతూ ఆగుతుంది: ట్రాక్‌లో మురికి, గడ్డకట్టిన గ్రీజు, లేదా వోల్టేజి తక్కువ.
- కొసకు చేరాక కూడా మోటారు ఆగదు, టకటక శబ్దం వస్తుంది: లిమిట్ స్విచ్.
- ప్రయాణంలో దానంతటదే ముందుకు పోయి మళ్లీ వెనక్కి వస్తుంది: తలుపు స్విచ్. ఇది అత్యంత ప్రమాదకరం, బెల్టులు ఆపేయడానికి ఎక్కువమందిని పురిగొల్పేది కూడా ఇదే.
- రిలే క్లిక్కుమంటుంది, మోటారు పలకదు: మోటారు, లేదా దానికి వెళ్లే తీగ.

షటిల్‌ను చేత్తో లాగి చూడాలన్న కోరిక అందరికీ కలుగుతుంది. అలా చేయకండి. మోటారు గేర్లు వెనక్కి తిరిగే రకం కావు. మీరు బలంగా లాగితే కదిలేది గేరు కాదు, తెగేవి ప్లాస్టిక్ పళ్లు.

5. పాత యజమాని ఏం చేశాడో వెతకండి

ఆపేసే పద్ధతులు నాలుగైదే ఉంటాయి. ఈ వరుసలో వెతకండి.

ఫ్యూజు పెట్టె మూత వెనక పటం చూసి బెల్టు ఫ్యూజు గడి గుర్తించండి. గడి ఖాళీగా ఉండవచ్చు, వేరే విలువ ఫ్యూజు ఉండవచ్చు. నా దగ్గరున్న 1991 మోడల్ సెడాన్‌లో ఫ్యూజు చూడ్డానికి నిక్షేపంలా ఉంది. బయటికి లాగి వెలుతురులో తిప్పి చూస్తే దాని కాళ్లలో ఒకదానికి పారదర్శకమైన టేపు ముక్క చుట్టి ఉంది, కరెంటు తగలకుండా. గంటన్నర వైర్ల వెంట తిరిగాక గానీ ఆ ఫ్యూజు లాగి చూడాలని నాకు తట్టలేదు. కాబట్టి ఫ్యూజును పైనుంచి చూసి వదిలేయకండి, బయటికి లాగి రెండు కాళ్లూ చూడండి.

ఆ తర్వాత మాడ్యూల్ దగ్గరికి వెళ్లండి. కన్సోల్ కిందో, సీటు కిందో, డాష్‌బోర్డు పక్కనో ఉంటుంది, మాన్యువల్ చెబుతుంది. కనెక్టర్ ఊడదీసి కార్పెట్ కిందికి తోసి ఉంచడం చాలా మామూలు. సీటు కింద ఉన్న మాడ్యూల్‌కు ఒలికిన కాఫీ, మంచు బూట్ల నుంచి కారిన నీరు కూడా తోడవుతాయి. పిన్నుల మీద పచ్చని తుప్పు ఉంటే శుభ్రం చేయండి.

తర్వాత బి-పిల్లర్ కింద మోటారు కనెక్టర్. దాన్ని చూడడానికి ప్లాస్టిక్ కవరు విప్పాలి. తీగలు కత్తిరించి టేపు చుట్టి ఉంటే, ఆ టేపు నమ్మకుండా తీసేసి, సరైన మందం తీగతో, క్రింప్ కనెక్టర్‌తో తిరిగి కలపండి.

చివరగా తలుపు స్విచ్. కొందరు దాన్ని జిగురుతో నొక్కి ఉంచుతారు, కారు ఎప్పుడూ తలుపు మూసి ఉందనుకునేలా. అప్పుడు బెల్టు వెనకే ఉండిపోతుంది.

ఇవన్నీ సరిచేశాక తలుపు పరీక్ష మళ్లీ చేయండి. పనిచేస్తే సంతోషించి ఆగిపోకండి. ఆపేయడానికి కారణమైన లోపం ఇంకా ఉండే ఉంటుంది, కనీసం ఇరవై సార్లు తలుపు తీసి మూసి చూడండి.

6. విద్యుత్తును వరుసగా పరీక్షించడం

తేలికైన చోటు నుంచి కష్టమైన చోటికి వెళ్లాలి.

ఫ్యూజు. పెట్టె మీద రాసిన విలువే పెట్టాలి. మోటారు బెల్టులకు తరచుగా 30 ఆంపియర్ల ఫ్యూజో బ్రేకరో ఉంటుంది. కొత్త ఫ్యూజు వెంటనే ఎగిరిపోతే ఎక్కడో తీగ కారు శరీరానికి తగులుతోంది. పెద్ద ఫ్యూజు పెట్టి దాన్ని జయించాలనుకుంటే తీగ కాలుతుంది.

గ్రౌండ్. బి-పిల్లర్ కింద, సీటు పట్టాల దగ్గర కారు శరీరానికి బిగించిన తీగల బోల్టులు విప్పి, తుప్పు గీకి, తిరిగి బిగించండి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల కార్లలో ఒక్క దీనితోనే పని ముగిసిన సందర్భాలున్నాయి.

తలుపు స్విచ్. తలుపు తీస్తే లోపలి దీపం వెలిగింది గనుక స్విచ్ బాగుందని అనుకోవడం తొందరపాటు. చాలా కార్లలో దీపానికి ఒక స్విచ్, బెల్టుకు వేరే స్విచ్ ఉంటాయి, రెండోది తలుపు గొళ్లెం లోపల ఉండవచ్చు. స్విచ్ కనెక్టర్ తీసి మల్టీమీటర్‌ను నిరోధం కొలిచే స్థానంలో పెట్టి, గొళ్లెం కదిపి చూడండి. మూసుకున్నప్పుడు ఒక ఓమ్ లోపు, తెరుచుకున్నప్పుడు అనంతం చూపాలి. అంకె తడబడుతూ ఉంటే స్విచ్ అరిగిపోయింది. స్విచ్ బాగుంటే తలుపు కీలు దగ్గరి రబ్బరు గొట్టం లోపలి తీగలను చూడండి. వేల సార్లు వంగి వంగి అక్కడ తీగ తెగుతుంది, పైతొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. తీగను మెల్లగా లాగితే తెగిన చోట రబ్బరులా సాగుతుంది.

లిమిట్ స్విచ్‌లు. ట్రాక్‌కు రెండు కొసల్లోనూ ఉంటాయి. షటిల్ కొసకు చేరిందని మాడ్యూల్‌కు చెప్పేవి ఇవే. వెనక స్విచ్ ఎప్పుడూ "చేరింది" అని చెబుతూ ఉంటే మాడ్యూల్ మోటారుకు కరెంటే పంపదు. అప్పుడు మోటారు చచ్చినట్టు కనిపిస్తుంది. మోటారు మార్చినా బాగుకాని కార్లలో చివరికి దొరికే దొంగ చాలాసార్లు ఇదే.

రిలేలు. కుడి ఎడమలకు ఒకే నంబరు రిలేలుంటే ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి చూడండి. లోపం రెండో వైపుకు మారితే రిలేనే కారణం.

మోటారు. మల్టీమీటర్ పిన్నులను మోటారు కనెక్టర్ వెనకనుంచి రెండు తీగలకూ తగిలించి, సహాయకుడిని తలుపు మూయమనండి. ఈ మోటార్లకు కరెంటు దిశ మారుతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు ప్లస్ 12 వస్తే ముందుకు వచ్చేటప్పుడు మైనస్ 12 వస్తుంది, మీటరులో మైనస్ గుర్తు చూసి కంగారు పడకండి. కరెంటు కొన్ని క్షణాలే ఉంటుంది, కాబట్టి ముందే చూపు మీటరు మీద నిలపాలి. షటిల్ ఇప్పటికే వెనక కొసలో ఉంటే తలుపు మూసినా కరెంటు రాదు, అది లోపం కాదు.

12 వోల్టుల దాకా వచ్చి మోటారు తిరగకపోతే మోటారు లేదా దాని బ్రష్‌లు పోయాయి. వోల్టేజి 9, 10 దగ్గర కూర్చుంటే తీగలోనో కాంటాక్టులోనో నష్టం ఉంది. అసలు రాకపోతే మాడ్యూల్ వైపు వెనక్కి నడవాలి.

మోటారును నేరుగా పరీక్షించాలంటే కనెక్టర్ పీకి, ఫ్యూజు ఉన్న జంపర్ తీగలతో బ్యాటరీ నుంచి అర క్షణం చొప్పున మాత్రమే కరెంటు ఇవ్వండి. ఈ దారిలో లిమిట్ స్విచ్ ఉండదు. మీరు చెయ్యి తీయడం ఆలస్యమైతే షటిల్ కొసకు గుద్దుకుని పళ్లు ఊడతాయి. వేళ్లు, జుట్టు ట్రాక్‌కు దూరంగా ఉండాలి.

7. ట్రాక్, షటిల్, పళ్ల కేబుల్

విద్యుత్తు సక్రమంగా ఉందని తేలాకే ఇక్కడికి రండి. తలుపు రబ్బరు అంచు వెనక్కి లాగి, ట్రాక్ కవరు, బి-పిల్లర్ కవరు విప్పండి. క్లిప్పులు సగం విరుగుతాయని ముందే అనుకుని కొత్తవి తెచ్చుకోవడం మంచిది.

నేను మొదటిసారి బి-పిల్లర్ కవరు తీసినప్పుడు అడుగున పసుపు తిరిగిన తెల్లని ప్లాస్టిక్ పొడి, చిన్న చిన్న ముక్కలు బియ్యపు నూకల్లా పోగుపడి ఉన్నాయి. కేబుల్ పళ్లు అవే. వేలితో తీసి చూస్తే ప్రతి ముక్కకూ ఒక వైపు నున్నగా, ఒక వైపు గరుకుగా ఉంది. అలాంటి పొడి కనిపిస్తే ట్రాక్ శుభ్రం చేయడంతో సరిపోదు, కేబుల్ మార్చవలసిందే. జిగురుతో పళ్లు అతికించే ప్రయత్నం ఒక్కవారం కూడా నిలవదు.

పళ్లు బాగుంటే శుభ్రం చేయండి:

1. టూత్‌బ్రష్‌తో ట్రాక్ లోపలి పాత గ్రీజు, దుమ్ము, నాణేలు, జుట్టుపిన్నులు తీసేయండి.
2. దారాలు చుట్టుకున్నాయేమో చూడండి. చున్నీ, చీర కొంగు, స్వెటర్ దారం షటిల్ కింద చిక్కుకోవడం మన ఇళ్లలో మామూలే. ఒక్క జరీ పోగు చాలు, షటిల్ అక్కడే ఆగి మూలగడానికి.
3. నూలు గుడ్డతో పొడిగా తుడవండి.
4. పొడి సిలికాన్ స్ప్రేను గుడ్డ మీద కొట్టి ట్రాక్‌కు రాయండి. నేరుగా ట్రాక్ మీద కొడితే బెల్టు మీద పడుతుంది.
5. ఇంజిను నూనె, వంటనూనె, చొచ్చుకుపోయే తుప్పు నూనెలు వాడకండి. నెలలోపే దుమ్ము పట్టి బంకగా మారతాయి.

కేబుల్, మోటారు, ట్రాక్ కలిపి ఒకే సెట్టుగా మార్చడం విడివిడిగా మార్చడం కన్నా తేలిక. కొత్తవి ఇప్పుడు కంపెనీల దగ్గర దొరకడం అరుదు. పాత కార్ల యార్డులో అదే మోడల్, అదే తరం, అదే తలుపుల సంఖ్య ఉన్న కారు నుంచి తెచ్చుకోండి. రెండు తలుపుల కారు ట్రాక్ నాలుగు తలుపుల కారుకు సరిపోదు. కుడిది ఎడమకు పనికిరాదు. యార్డులోని కారు ముందుభాగం నుజ్జయి ఉంటే దాని బెల్టు భాగాలు ఏవీ తీసుకోకండి. ఒకసారి ఢీకొన్నప్పుడు బరువు మోసిన బెల్టు పని అయిపోయినట్టే.

8. రిట్రాక్టర్, పట్టీ, బకిల్

కన్సోల్‌లోని రిట్రాక్టర్ రెండు సందర్భాల్లో లాక్ పడాలి: బెల్టును చటుక్కున లాగినప్పుడు, కారు హఠాత్తుగా ఆగినప్పుడు. రెండోదానికి లోపల ఒక గుండో లోలకమో ఉంటుంది. రిట్రాక్టర్ పక్కకు ఒరిగితే ఆ గుండు కూడా ఒరిగి లాక్ వేస్తుంది. అందుకే విప్పి చేతిలో అడ్డదిడ్డంగా పట్టుకుంటే బెల్టు రాదు. "చెడిపోయింది" అని పారేసేముందు, కారులో ఎలా నిలబడి ఉంటుందో అలాగే పట్టుకుని చూడండి. కారులో బిగించి ఉండగా కూడా లాక్ విడవకపోతే, గతంలో ఎవరో కన్సోల్ విప్పి బ్రాకెట్‌ను వంకరగా బిగించారేమో చూడండి.

రిట్రాక్టర్‌ను విప్పకూడదు, నూనె వేయకూడదు. లోపల బిగుతైన స్ప్రింగు ఉంటుంది. ఊడివస్తే చెయ్యి తెగుతుంది, తిరిగి సరిగ్గా కూర్చోదు.

బెల్టు మెల్లగా, అయిష్టంగా చుట్టుకుంటుంటే పట్టీ మురికే కారణం కావచ్చు. బెల్టును పూర్తిగా బయటికి లాగి, లోపలికి పోకుండా క్లిప్పు పెట్టి, గోరువెచ్చని నీళ్లతో, తేలికపాటి సబ్బుతో తుడవండి. నీడలో పూర్తిగా ఆరాకే వదలండి. బ్లీచు, రంగు, పెట్రోలు తగలకూడదు. నేతలో పోగులు తెగినా, అంచు చిరిగినా, సిగరెట్టు కాలిన మచ్చ ఉన్నా, విడుదల బకిల్ దగ్గర మడత పడి గట్టిపడినా పట్టీతో సహా మొత్తం మార్చాలి. కుట్టించడం పనికిరాదు.

బకిల్ మీట ఎరుపు ప్లాస్టిక్ పెళుసెక్కి ముక్కలు రాలడం ఆ కాలపు కార్లలో పేరు మోసిన లోపం. టకాటా అనే కంపెనీ తయారుచేసిన బకిళ్ల విషయంలో 1995లో అమెరికాలో పలు కంపెనీలకు చెందిన 80 లక్షలకు పైగా కార్లను మరమ్మతు కోసం వెనక్కి పిలిచారు. మీ కారు ఆ జాబితాలో ఉందో లేదో జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కంపెనీ, మోడల్, సంవత్సరం ఇచ్చి వెతకండి. కారు గుర్తింపు సంఖ్య ఇచ్చి వెతికితే పదిహేనేళ్లకు మించిన పాత రీకాల్ (వెనక్కి పిలిచిన) వివరాలు కనిపించకపోవచ్చు, దాన్ని చూసి ఏమీ లేదని అనుకోవద్దు.

9. తిరిగి బిగించడం, పరీక్ష

బెల్టు బోల్టులను మాన్యువల్ ఇచ్చిన టార్క్‌కే బిగించండి. ఇవి గట్టిదనం ఎక్కువ ఉన్న ప్రత్యేకమైన బోల్టులు, హార్డ్‌వేర్ దుకాణంలో కొన్నవి వీటికి బదులు కావు. మర పాడైతే అదే రకం కొత్త బోల్టు వేయండి. వాషర్ల వరుస మారకూడదు, అవి బెల్టు కొస స్వేచ్ఛగా తిరగడానికి ఉంటాయి.

కవర్లు పెట్టకముందే ఈ పరీక్షలు చేయండి:

- తలుపు మూసి తాళం తిప్పితే షటిల్ ఆగకుండా వెనక కొస దాకా పోతోందా?
- కొసకు చేరగానే మోటారు వెంటనే ఆగుతోందా?
- వెనక కొసలో ఉండగా భుజం బెల్టును రెండు చేతులతో ముందుకు బలంగా గుంజితే షటిల్ కదలకుండా నిలుస్తోందా?
- విడుదల బకిల్ ఒక్క నొక్కుతో ఊడుతోందా, తిరిగి టక్కుమని పడుతోందా?
- డాష్‌బోర్డు మీది బెల్టు దీపం సరైన వేళకు ఆరుతోందా?
- తలుపును లోపలినుంచి మోచేత్తో తోసి కదిపినా బెల్టు ముందుకు రాకుండా ఉంటోందా?

ఆఖరిదాన్ని చాలామంది వదిలేస్తారు. ప్రయాణంలో బెల్టు ముందుకు పోయే జబ్బు ఈ పరీక్షలోనే పట్టుబడుతుంది.

ఇవన్నీ సరిపోయాక ఖాళీ పార్కింగ్ స్థలంలో గంటకు 10 మైళ్ల లోపు వేగంతో పోతూ, రెండు బెల్టులూ పెట్టుకుని, గట్టిగా బ్రేకు వేయండి. భుజం బెల్టు లాక్ పడాలి. బెల్టును నమ్ముకుని ముందుకు ఒరగకండి, స్టీరింగ్‌ను పట్టుకునే ఉండండి.

10. భాగం దొరకకపోతే

నిజం చెప్పాలంటే కొన్ని మోడళ్లకు కేబుల్ గానీ మాడ్యూల్ గానీ ఎక్కడా దొరకదు. అప్పుడు మిగిలే మార్గం షటిల్‌ను వెనక కొసలో శాశ్వతంగా నిలిపి, మోటారు కనెక్టర్ తీసేసి, విడుదల బకిల్‌తో చేత్తో బెల్టు పెట్టుకోవడం. కొన్ని మోటార్లకు చేత్తో తిప్పే గాడి ఉంటుంది, దానితో షటిల్‌ను కొసకు చేర్చవచ్చు. లేకపోతే 6వ భాగంలో చెప్పిన జంపర్ పద్ధతి. షటిల్ వెనక పట్టులో పూర్తిగా కూర్చుందని గుంజి చూసి నిర్ధారించుకోనిదే ఇది చేయకండి. ఇంకో కారు మూడు బిందువుల బెల్టు తెచ్చి కొత్త రంధ్రాలు తొలిచి బిగించడం వద్దు. పలుచని రేకు ఆ బరువు మోయదు.

దీన్ని గ్యారేజీలో చేయించుకోవాలనుకుంటే, వారు కాదంటే కోప్పడకండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మరమ్మతు వ్యాపారం చేసేవారు కారుతో వచ్చిన భద్రతా సాధనాన్ని తెలిసి పనిచేయకుండా చేయకూడదు. ఆ నిషేధం సొంత కారు మీద పనిచేసుకునే యజమానికి నేరుగా వర్తించదు గానీ, పెన్సిల్వేనియా, వర్జీనియా వంటి రాష్ట్రాల వార్షిక భద్రతా తనిఖీలో బెల్టులు కూడా చూస్తారు. తనిఖీకి వెళ్లేముందు ఆ స్టేషనుకే ఫోను చేసి, షటిల్ వెనక నిలిపి చేత్తో పెట్టుకునే బెల్టును ఒప్పుకుంటారో లేదో అడగండి.

మోటారు కనెక్టర్ తీసేసినవారు దాని మీద ఒక చీటీ కట్టండి: ఏ తేదీన, ఎందుకు తీశారో, ఏ భాగం కావాలో, దాని నంబరేమిటో. సన్ వైజరుకు మరో చీటీ అంటించి, రెండు బెల్టులూ చేత్తో పెట్టుకోవాలని పెద్ద అక్షరాలతో రాయండి. కారు అమ్మేటప్పుడు ఆ రెండు చీటీలూ చించేయకండి.